పసిబిడ్డ బడి: ఖర్చు ఎవరి పద్దు?
(యూరప్ దేశాల అనుభవంపై స్మారకోపన్యాసం)

దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్మృతికి అంకితమైన ఈ వేదిక మీద పసిపిల్లల గురించి మాట్లాడటం సముచితమని నాకు తోచింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె తొలి అధ్యక్షురాలు. ఆ మండలి ఇచ్చిన గ్రాంట్లతో స్వచ్ఛంద సంస్థలు ఊళ్లలో బాలవాడీలు నడిపాయి. ఆమె సభ్యురాలిగా ఉన్న రాజ్యాంగసభ 45వ అధికరణాన్ని రాసినప్పుడు పద్నాలుగేళ్లు నిండేదాకా పిల్లలందరికీ ఉచిత విద్య అన్నదే కాని, ఏ వయసు నుంచి అని గీత గీయలేదు. 2002 డిసెంబరులో 86వ సవరణ ఆ గీత గీసింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల వారికి చదువు ప్రాథమిక హక్కయింది. ఆరేళ్లలోపు వారి విషయంలో మాత్రం రాజ్యం ప్రయత్నం చేస్తుందన్న మాట మిగిలింది.

అదే ఏడాది మార్చిలో యూరోపియన్ యూనియన్ దేశాధినేతలు బార్సిలోనాలో సమావేశమై ఇంకో రకం గీత గీశారు. 2010 నాటికి మూడేళ్లలోపు పిల్లల్లో కనీసం 33 శాతానికి, మూడేళ్ల నుంచి నిర్బంధ విద్య వయసు దాకా ఉన్నవారిలో 90 శాతానికి సంరక్షణ కేంద్రాల్లో చోటు చూపించాలన్నారు. 2022లో ఆ లక్ష్యాలను 45 శాతానికి, 96 శాతానికి పెంచి 2030 గడువు పెట్టుకున్నారు. ఇప్పుడు డెన్మార్క్, నెదర్లాండ్స్‌లలో మూడేళ్లలోపు పిల్లల్లో మూడింట రెండు వంతులకు పైగా కేంద్రాలకు వెళుతున్నారు. స్లొవేకియాలో ఆ సంఖ్య నామమాత్రం. లక్ష్యాలు అందరివీ ఒకటే అయినా వాటికి అయ్యే డబ్బు ఎవరు కట్టాలన్న ప్రశ్నకు ఒక్కో దేశం ఒక్కో జవాబు చెప్పుకుంది. ఈ సాయంత్రం నా విషయం ఆ జవాబులే.

నేను చెప్పదలచింది ముందే చెబుతాను. పసిపిల్లల సంరక్షణకయ్యే ఖర్చును ఏ ప్రభుత్వమూ మాయం చెయ్యలేదు. ఒకరి పద్దులోంచి ఇంకొకరి పద్దులోకి మార్చగలదు. తల్లిదండ్రులు కట్టే ఫీజు వేరు, బిడ్డను చూసుకోవడానికి అయ్యే ఖర్చు వేరు. ఈ రెంటినీ ఒకటిగా చూస్తే యూరప్ బొమ్మ అంతా తలకిందులుగా కనిపిస్తుంది.

రెండు పుట్టుకలు

యూరప్‌లో చాలా చోట్ల మూడేళ్లు దాటిన బిడ్డకు బడి ఉచితం, లేదా చవక. మూడేళ్లలోపు బిడ్డకు మాత్రం ఫీజు బరువు. ఈ తేడాకు మూలం చరిత్రలో ఉంది. స్కాట్లండ్‌లో న్యూ లానార్క్ నూలుమిల్లు నడిపిన రాబర్ట్ ఓవెన్ 1816లో కార్మికుల పిల్లలకు శిశుపాఠశాల తెరిచాడు. జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో బాడ్ బ్లాంకెన్‌బుర్గ్‌లో ఆటల ద్వారా నేర్పే సంస్థ మొదలుపెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. పదేళ్లు దాటగానే ప్రష్యా ప్రభుత్వానికి అందులో నాస్తికత్వం, సోషలిజం కనిపించాయి. 1851లో పెట్టిన నిషేధాన్ని 1860లో గాని ఎత్తలేదు.

రోమ్‌లోని సాన్ లోరెంజో కార్మికపేటలో 1907 జనవరిలో మరియా మాంటిస్సోరి తెరిచిన ‘బాలల ఇల్లు’ వెనక ఒక గట్టి లెక్క ఉంది. తల్లిదండ్రులు పనికి పోతే పిల్లలు కొత్త భవనాల గోడలు, మెట్లు పాడుచేస్తున్నారు. వాటికి మరమ్మతులు చేయించే కంటే పిల్లలకు ఒక గది, ఒక పంతులమ్మ ఏర్పాటు చెయ్యడమే చవక అని భవనాల సంస్థ తేల్చుకుంది. 1939లో అడయారుకు వచ్చి యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండిపోయిన మాంటిస్సోరి పేరు తెలుగువారికి కొత్త కాదు. ఆమె పద్ధతి పుట్టిన చోట ఖర్చు చర్చ కూడా పుట్టిందని మాత్రం అంతగా గుర్తుచేసుకోం.

ఇలా రెండు పాయలు ఏర్పడ్డాయి. పనికి పోయే తల్లుల పసికందుల్ని కనిపెట్టుకునే క్రెష్‌లు దానధర్మాల నుంచి, ఆరోగ్య శాఖల నుంచి వచ్చాయి. కొంచెం పెద్దపిల్లల బడులు విద్యాశాఖ కిందికి చేరాయి. విద్య అన్న ముద్ర పడినది హక్కయింది, సంరక్షణ అన్న ముద్ర పడినది కుటుంబం తిప్పలుగా మిగిలింది. ఫ్రాన్స్ ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ మూడేళ్ల పిల్లల ‘ఎకోల్ మాతెర్నెల్’ ఎప్పటినుంచో ఉచితం. అంతకంటే చిన్నవారి క్రెష్‌కు ఆదాయాన్ని బట్టి ఫీజు కట్టాలి, అదీ చోటు దొరికితే. దొరకనివారు లైసెన్సు ఉన్న ఆయా ఇంట్లో బిడ్డను వదులుతారు. 2019 సెప్టెంబరు నుంచి ఫ్రాన్స్ మూడేళ్లకే చదువు నిర్బంధం చేసింది. అప్పటికే దాదాపు అందరూ బడికి వెళుతున్నారు కాబట్టి పిల్లల సంఖ్యలో పెద్ద మార్పు లేదు. మార్పు వచ్చింది పద్దుల్లో. ప్రైవేటు మాతెర్నెల్‌లకు కూడా స్థానిక పురపాలక సంఘాలే డబ్బు ఇవ్వవలసి వచ్చింది.

ఈ రెండు పాయల్నీ ఒకటి చేసిన దేశం స్వీడన్. 1930ల్లో జననాలు పడిపోతున్నాయని ఆ దేశం బెంగపడుతున్నప్పుడు, ఆల్వా మిర్దాల్ తన భర్త గున్నార్‌తో కలిసి 1934లో రాసిన పుస్తకంలో పిల్లల పెంపకం ఖర్చును సమాజం పంచుకోవాలని వాదించింది. ఆ వాదన చట్టాలుగా మారడానికి దశాబ్దాలు పట్టింది. చివరికి 1996లో శిశుకేంద్రాలు విద్యాశాఖ కిందికి వచ్చాయి, 1998లో వాటికి జాతీయ పాఠ్యప్రణాళిక వచ్చింది. ఏడాది బిడ్డా, ఐదేళ్ల బిడ్డా అప్పటినుంచీ ఒకే వ్యవస్థలో ఉన్నారు.

ఖర్చు ఎందుకు పెరుగుతుంది?

వంటమనిషి ఒకరే అయినా పదిమందికి అన్నం వండిపెట్టవచ్చు. పసివాళ్లకు తినిపించాలంటే మాత్రం ఒక్కో బిడ్డకు ఒక్కో చెయ్యి కావాలి. ఈ రంగం ఆర్థికశాస్త్రమంతా ఇందులోనే ఉంది. ఇంగ్లండ్ నిబంధన ప్రకారం రెండేళ్లలోపు పిల్లలు ముగ్గురికి ఒక ఉద్యోగి ఉండాలి. తల్లిదండ్రులు ఉద్యోగాలకు వెళ్లి రావాలంటే కేంద్రం రోజుకు పది గంటలైనా తెరిచి ఉండాలి. పని చేసేవారి షిఫ్టు ఎనిమిది గంటలే. సెలవులు, శిక్షణ, జబ్బు రోజులు కలిపితే ఆ ముగ్గురు పిల్లలకు ఒకరి జీతం చాలదు. అద్దె, కరెంటు, తిండి, బీమా దాని మీద అదనం. ఫీజు మొత్తం తల్లిదండ్రులే కట్టవలసి వస్తే, ఒక మనిషి జీతంలో సగం దాకా ఒక్క బిడ్డకే పోతుంది. ఎవరి అత్యాశా లేకుండానే లెక్క అక్కడికి చేరుతుంది.

విలియం బౌమోల్, విలియం బోవెన్ అనే అమెరికన్ ఆర్థికవేత్తలు 1966లో నాటక, సంగీత రంగాల ఖర్చుల మీద రాస్తూ ఈ చిక్కునే పట్టుకున్నారు. ఫ్యాక్టరీలో యంత్రాలు వచ్చి ఒక్కో కార్మికుడి ఉత్పత్తి పెరుగుతుంది, దానితోబాటు జీతమూ పెరుగుతుంది. మనిషి శ్రమే సరుకుగా ఉన్నచోట ఉత్పత్తి పెరగదు. జీతాలు మాత్రం బయటి లోకంతో సమానంగా పెంచకపోతే మనుషులు మానేసి వెళ్లిపోతారు. పిల్లల్ని కనిపెట్టుకోవడం ఈ కోవలోది. 1907లో ఒక పంతులమ్మ ఎంతమంది పసికందుల్ని లాలించగలదో ఇవాళా అంతమందినే లాలించగలదు. అందువల్ల దేశం ధనికమయ్యే కొద్దీ ఈ సేవ మిగతా వస్తువుల కంటే ప్రియమవుతూనే ఉంటుంది.

దీనికి తోడు 2022 వచ్చింది. ఉక్రెయిన్ యుద్ధంతో గ్యాసు, కరెంటు బిల్లులు ఎగబాకాయి. ఆ అక్టోబరులో యూరో దేశాల ద్రవ్యోల్బణం 10.6 శాతానికి చేరింది. సూపర్‌మార్కెట్లు, గోదాములు జీతాలు పెంచితే శిశుకేంద్రాల సిబ్బంది అటు మళ్లారు. ఉన్న ఖర్చు పెరిగింది, ఉండవలసిన మనుషులు తగ్గారు.

పంచుకున్న తీరు

ఈ బిల్లును ముందుగా తెలివిగా పంచుకున్నవి ఉత్తర దేశాలు. స్వీడన్ 2002లో గరిష్ఠ రుసుము పద్ధతి తెచ్చింది. మొదటి బిడ్డకు కుటుంబ ఆదాయంలో 3 శాతం, రెండో బిడ్డకు 2, మూడో బిడ్డకు 1 శాతం మించకూడదు. లెక్కలోకి తీసుకునే ఆదాయానికి కూడా ఒక పరిమితి ఉంది. అంతకుముందు ఊరూరికీ ఫీజు మారేది. తల్లి పని గంటలు పెంచుకుంటే ఫీజు కూడా పెరిగి, వచ్చిన జీతం కాస్తా దానికే పోయేది. కొత్త పద్ధతిలో నష్టపోయిన పురపాలక సంఘాలకు కేంద్ర ప్రభుత్వం సొమ్ము ఇచ్చింది. డెన్మార్క్‌లో తల్లిదండ్రుల వాటా నిర్వహణ ఖర్చులో 25 శాతం మించదు. నార్వేలో 2003లో పార్లమెంటు పార్టీలన్నీ ఒక ఒప్పందానికి వచ్చి గరిష్ఠ ధర పెట్టాయి, 2009లో చోటు పొందడం పిల్లల హక్కయింది. నార్వే ఆ గరిష్ఠ ధరను 2024 ఆగస్టులో నెలకు 2,000 క్రోనర్లకు, 2025 ఆగస్టులో 1,200 క్రోనర్లకు దించింది.

జర్మనీ దారి హక్కు దారి. మూడేళ్లు నిండిన బిడ్డకు 1996 నుంచి, ఏడాది నిండిన బిడ్డకు 2013 ఆగస్టు నుంచి శిశుకేంద్రంలో చోటు చట్టబద్ధమైన హక్కు. లైప్‌జిగ్‌లో చోటు దొరక్క ఉద్యోగంలో చేరలేకపోయిన తల్లులు దావా వేస్తే, వాళ్లు కోల్పోయిన జీతానికి నగరపాలన బాధ్యత వహించవలసి రావచ్చని ఫెడరల్ న్యాయస్థానం 2016 అక్టోబరులో తీర్పు చెప్పింది. ఫీజు మాత్రం రాష్ట్రాల ఇష్టం. బెర్లిన్ 2018 ఆగస్టులో అన్ని వయసుల పిల్లలకూ ఫీజు ఎత్తేసింది. నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియాలో పక్కపక్క ఊళ్ల మధ్యే ఫీజు తేడా. ఒకే జీతంతో ఇల్లు మారితే చాలు, నెల బడ్జెట్ మారిపోతుంది. హక్కు ఉంది, ఫీజు తగ్గింది, కాని చాలినంతమంది సిబ్బంది లేరు. అందుకని కేంద్రాలు మధ్యాహ్నమే తలుపులు మూస్తున్నాయి.

ఇంగ్లండ్ గంటల లెక్క పెట్టుకుంది. మూడు, నాలుగేళ్ల పిల్లలందరికీ వారానికి 15 గంటలు ఉచితం. ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులకు 2017 నుంచి 30 గంటలు. రెండేళ్లలోపు బిడ్డ నర్సరీకి ఏడాదికి దాదాపు 15,000 పౌండ్లు అవుతున్న కాలంలో, 2023 మార్చి బడ్జెట్టులో ఆర్థికమంత్రి జెరెమీ హంట్ ఈ సౌకర్యాన్ని తొమ్మిది నెలల బిడ్డ దాకా విస్తరిస్తామన్నాడు. 2025 సెప్టెంబరు నాటికి అది పూర్తయింది. అర్హులైన కుటుంబాల ఫీజు నిజంగానే తగ్గింది. అయితే ఈ గంటలు ఏడాదికి 38 వారాలకే. పైగా ప్రభుత్వం గంటకు ఇచ్చే సొమ్ము అసలు ఖర్చుకు చాలదని నర్సరీలు ఏళ్లుగా మొత్తుకుంటున్నాయి. ఆ లోటును అర్హత లేని కుటుంబాల ఫీజులోనూ, భోజనం, డైపర్ల పేరిట వేసే చార్జీల్లోనూ రాబట్టుకుంటాయి. ఫీజు కట్టగల కుటుంబాలు లేని పేదపేటల్లో రాబట్టుకునే దారి లేక నర్సరీలే మూతపడతాయి.

ఇక్కడ మనవాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగ వీసాల మీద ఉండి, ప్రభుత్వ నిధులు పొందే అర్హత లేదన్న షరతు ఇద్దరికీ ఉంటే ఉద్యోగుల 30 గంటలు వాళ్లకు రావు. అందరికీ ఇచ్చే 15 గంటలే దిక్కు, అదీ బిడ్డకు మూడేళ్లు వచ్చాక. పన్ను అందరితో సమానంగా కట్టే తెలుగు కుటుంబాలు లోటు పూడ్చే వరుసలో కూడా నిలబడుతున్నాయన్నమాట.

నెదర్లాండ్స్ కథ నుంచి నేర్చుకోవలసింది ఎక్కువ. 2005 చట్టంతో అక్కడ కేంద్రాలకు నేరుగా ఇచ్చే సాయం ఆగి, డబ్బు తల్లిదండ్రుల ఖాతాల్లోకి వెళ్లింది. కేంద్రాలు బజారుకు వదిలేయబడ్డాయి. ఎవరు అర్హులో, ఎంత రావాలో పన్నుల శాఖ తేల్చాలి. చిన్న కాగితం తప్పిపోయినా మోసమని ముద్రవేసి, ఏళ్ల తరబడి ఇచ్చిన మొత్తం తిరిగి కట్టమని నోటీసులు పంపారు. పదుల వేల సంఖ్యలో కుటుంబాలు అప్పులపాలయ్యాయి. వాళ్లలో చాలామంది వలస మూలాలున్నవారు. ఇది కనీవినీ ఎరుగని అన్యాయమని 2020 డిసెంబరులో పార్లమెంటు కమిటీ తేల్చింది. 2021 జనవరి 15న ప్రధాని మార్క్ రుట్టె మంత్రివర్గం రాజీనామా చేసింది. ఆ తరువాత ఉద్యోగస్థులందరికీ ఖర్చులో 96 శాతం భరిస్తామన్న వాగ్దానం వచ్చింది. దాని అమలు 2025 నుంచి 2027కు, అక్కణ్నుంచి 2029కి జరిగింది. పిల్లల బడి డబ్బు కారణంగా ఒక ప్రభుత్వం దిగిపోవడం ఈ విషయం బరువేమిటో చెబుతుంది.

ఐర్లండ్ ఇందుకు ఎదురు దిశలో నడుస్తోంది. బడికి ముందు రెండేళ్ల పాటు రోజుకు మూడు గంటలు అక్కడ ఉచితం. 2022లో కేంద్రాలకే నేరుగా మూలనిధి ఇవ్వడం మొదలుపెట్టి, నిధి తీసుకున్నవారు ఫీజు పెంచకూడదని షరతు పెట్టారు. అదే ఏడాది ఈ రంగంలో పనిచేసేవారికి కనీస వేతనాలు నిర్ణయిస్తూ ప్రత్యేక ఉత్తర్వు తెచ్చారు. తల్లిదండ్రుల ఫీజునూ సిబ్బంది జీతాన్నీ ఒకే కాగితం మీద చూడటం అక్కడ కొత్త. చిన్న కేంద్రాలు నెగ్గుకురాలేకపోతున్నామని ఫిర్యాదు చేస్తున్నా, దిశ సరైనదే.

దక్షిణ, తూర్పు దేశాల మాట క్లుప్తంగా చెబుతాను. పోర్చుగల్ 2022 సెప్టెంబరు నుంచి క్రెష్‌లను ఉచితం చేస్తూ వచ్చింది. వెంటనే చోట్లు చాలక బారులు పెరిగాయి. ఇటలీ కోవిడ్ అనంతర యూరోపియన్ నిధులతో 2,64,480 కొత్త చోట్లు కల్పిస్తామని మొదలుపెట్టి, ఆ లక్ష్యాన్ని 1,50,480కి తగ్గించుకుంది. కట్టడానికి ఒక్కసారి వచ్చే డబ్బు చాలు, నడపడానికి ఏటా డబ్బు కావాలి. ఆ రెండోదాని భయంతోనే ఇటలీ దక్షిణాదిలోని బీద పురపాలికలు వెనకాడాయి. బల్గేరియా 2022లో కిండర్‌గార్టెన్ ఫీజులు ఎత్తేసింది. పోలండ్ 2024 అక్టోబరు నుంచి ఉద్యోగానికి వెళ్లే తల్లిదండ్రులకు నెలకు 1,500 జ్లోటీల దాకా ఇస్తోంది. అమ్మమ్మకో నాయనమ్మకో ఇచ్చుకోవచ్చు కాబట్టి జనం దానికి అమ్మమ్మ సొమ్మని పేరు పెట్టారు.

చిట్టాలో కనిపించని చెల్లింపులు

ఇప్పటిదాకా చెప్పినవి ప్రభుత్వాల, తల్లిదండ్రుల పద్దులు. ఇంకా ముగ్గురు కడుతున్నారు. వాళ్ల పేర్లు ఏ బడ్జెట్టులోనూ ఉండవు.

మొదటివారు సిబ్బంది. యూరప్ అంతటా ఈ రంగంలో పనిచేసేవారిలో పదింట తొమ్మిదిమందికి పైగా ఆడవాళ్లు. ఫీజు పెంచలేక, ప్రభుత్వ సాయం చాలక ఇరుక్కున్న కేంద్రం ముందుగా కోసేది వాళ్ల జీతాన్నే. చవకగా దొరికే సంరక్షణలో పెద్దభాగం ఆ కోతే.

రెండోవారు తల్లులు, ఇంటి పెద్దలు. యూరోపియన్ యూనియన్‌లో ఆడవాళ్లు పార్ట్‌టైమ్ పని చెయ్యడం అన్నిటికంటే ఎక్కువ నెదర్లాండ్స్‌లోనే. వారానికి మూడురోజులు నర్సరీ, మిగతా రోజులు అమ్మ. ఆ మిగతా రోజుల జీతం, పదోన్నతి, రేపటి పెన్షను ఆమె చెల్లించిన ఫీజు. మన ఇళ్లలోనూ ఈ చెల్లింపు జరుగుతోంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో కూతురు ప్రసవిస్తే షెంగెన్ వీసా 90 రోజులకు తల్లి వెళుతుంది, గడువు తీరాక వియ్యపురాలు వెళుతుంది. బ్రిటన్ అయితే ఒక్కొక్కరికి ఆరు నెలలు. గుంటూరు, కరీంనగర్ పెద్దవాళ్ల శ్రమ యూరప్ నర్సరీ బిల్లులో తరుగుగా చేరుతోంది. దానికి ఏ దేశమూ రసీదు ఇవ్వదు.

మూడోవారు పిల్లలే. ఇంగ్లండ్ 2023 సెప్టెంబరులో రెండేళ్ల పిల్లల విషయంలో నలుగురికి ఒకరన్న నిబంధనను ఐదుగురికి ఒకరిగా సడలించింది. కాగితం మీద ఖర్చు తగ్గింది. ఒక్కో బిడ్డకు దక్కే చెయ్యి కూడా తగ్గింది. 2022 జూన్‌లో లియాన్‌లోని ఒక చిన్న ప్రైవేటు క్రెష్‌లో పసిబిడ్డ చనిపోయాక ఫ్రెంచి ప్రభుత్వ తనిఖీ విభాగం దేశమంతటా విచారించి, 2023 ఏప్రిల్‌లో నివేదిక ఇచ్చింది. కేంద్రాల నాణ్యతలో తీవ్రమైన తేడాలున్నాయని, సిబ్బంది కొరత పిల్లల మీద పడుతోందని ఆ నివేదిక చెప్పింది. ఇంగ్లండ్‌లో 1997లో మొదలై సుమారు 3,000 మంది పిల్లల్ని ఏళ్ల తరబడి అనుసరించిన అధ్యయనం కూడా శిశుకేంద్రం నాణ్యతకూ, సిబ్బంది అర్హతలకూ, పిల్లల ఎదుగుదలకూ సంబంధం ఉందని చూపించింది. నాణ్యత లేని చవక కేంద్రం ఎవరికీ మిగులు కాదు.

నా తీర్పు

ఇన్ని దేశాల లెక్కలు చూశాక మూడు మాటలు గట్టిగా చెప్పగలను. మొదటిది, తల్లిదండ్రుల చేతికి డబ్బు ఇచ్చి బజారుకు పంపడం కంటే, కేంద్రానికే నిధి ఇచ్చి ఫీజుకు పరిమితి పెట్టడం మేలు. మొదటి దారిలో రాయితీ పెరిగిన కొద్దీ ధర కూడా పెరుగుతుంది, అర్హత తేల్చే గుమాస్తా చేతికి అధికారం వస్తుంది. స్వీడన్, నెదర్లాండ్స్ పక్కపక్కన పెట్టి చూస్తే ఇది తెలుస్తుంది. రెండోది, చోటు లేని ఉచితం ఉత్తమాట. పోర్చుగల్ ముందు ఫీజు ఎత్తేసి తరువాత చోట్లు వెతుక్కుంది. నార్వే ముందు చోట్లు కట్టి, హక్కు ఇచ్చి, ఆ తరువాత ధరను ఇంకా దించింది. మూడోది, సిబ్బంది జీతం గురించి మాట్లాడని ఏ పథకమూ నిలవదు. జర్మనీలో మధ్యాహ్నమే మూసుకుంటున్న తలుపులు అందుకు సాక్ష్యం.

ఒక కొత్త పరీక్ష కూడా వస్తోంది. యూరప్‌లో జననాలు తగ్గిపోతున్నాయి. ఇటలీలో 2024లో పుట్టినవారు దాదాపు 3,70,000 మంది మాత్రమే. పిల్లలు తగ్గారు కాబట్టి బడ్జెట్టు తగ్గిస్తామని ఖజానా శాఖలు అంటాయి. అదే డబ్బుతో ఒక్కో పంతులమ్మ దగ్గర పిల్లల సంఖ్య తగ్గించవచ్చు, జీతాలు పెంచవచ్చు. ఇన్నేళ్లలో ఈ రంగానికి దొరికిన అరుదైన వెసులుబాటు ఇది. ఏ దేశం దీన్ని ఎలా వాడుకుంటుందో వచ్చే పదేళ్లలో తేలుతుంది.

చివరగా ఒక విన్నపం. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆరేళ్లలోపు పిల్లల బాధ్యత గౌరవవేతనం మీద బతికే అంగన్‌వాడీ టీచర్ల మీద, వేలకు వేలు తీసుకునే ప్లేస్కూళ్ల మీద ఆనుకుని ఉంది. ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ సిబ్బంది 2023 డిసెంబరు నుంచి నలభై రోజులకు పైగా సమ్మె చేశారు. వాళ్లు అడిగినదీ ఈ బిల్లులో తమ తల మీద పడిన వాటా గురించే. ఇక్కడైనా అక్కడైనా, పసిపిల్లల బడి ఫీజు తగ్గిందన్న వార్త చదివినప్పుడు సంతోషించండి. ఆ వెంటనే, తగ్గిన ఆ మొత్తం ఎవరు కట్టారని అడగండి. ఖజానా కట్టిందని జవాబు వస్తే ఆ ప్రభుత్వాన్ని మెచ్చుకోండి. టీచరమ్మో, తల్లో, బిడ్డో కట్టారని తేలితే నిలదీయండి.